బందరు నుంచి హైదరాబాద్ వచ్చాక మొదటి చలికాలం: హీటర్ కొనాలా, కుంపటి పెట్టాలా?

ప్రశ్న: మాది బందరు. మా ఆయన ఉద్యోగం మారడంతో జూన్‌లో హైదరాబాద్ వచ్చేశాం. బీరంగూడలో టాప్ ఫ్లోర్, టూ బెడ్‌రూమ్, అద్దె ఇల్లు. పాపకి ఐదో నెల. మా అత్తయ్యగారికి 68, ఆయాసం, షుగర్ ఉన్నాయి. డిసెంబర్ మొదలైనప్పట్నుంచి తెల్లవారుజామున మూడు దాటిందంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండట్లేదు, పాప చేతులు కాళ్ళు చల్లగా అయిపోతున్నాయి. అత్తయ్య బెడ్‌రూమ్‌లో కుంపటి పెడదాం అంటారు. మా ఆయన హీటర్ కొని రాత్రంతా వేద్దాం అంటారు. హౌస్ ఓనరేమో హీటర్ పెడితే వైరింగ్ కాలిపోతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి? అసలు ఈ చలికి మేం అలవాటు పడతామా?

సమాధానం: ముందు కుంపటి సంగతి తేల్చేద్దాం అమ్మా, మిగతావన్నీ రెండు రోజులు ఆగినా పర్లేదు కానీ ఇది మాత్రం ఈ రాత్రికే తేలిపోవాలి. బెడ్‌రూమ్‌లో కుంపటి వద్దు. తలుపు కొంచెం తీసి పెట్టినా వద్దు, పడుకునే ముందు పది నిమిషాలే అన్నా వద్దు. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ వస్తుంది, దానికి రంగు ఉండదు, వాసన ఉండదు, కళ్ళు కూడా మండవు. పొగ తగ్గి ఎర్రగా కణకణలాడుతున్న నిప్పులు చూసి మనం ఇంక భయం లేదనుకుంటాం, కానీ ఆ గ్యాస్ అప్పుడు కూడా వస్తూనే ఉంటుంది. అది రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేసుకుంటుంది, ముందు కాస్త తలనొప్పి, మత్తు, ఆ మత్తుని మనం నిద్ర అనుకుంటాం, అంతే, నిద్రలో ఉన్నవాళ్ళు మళ్ళీ లేవరు. ప్రతి చలికాలం మన దేశంలో ఎక్కడో ఒకచోట గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం గురించి పేపర్లో వస్తూనే ఉంది, చదివిన ప్రతిసారీ గుండె తరుక్కుపోతుంది.

అత్తయ్యగారితో ఇది చెప్పేటప్పుడు పాతకాలం పద్ధతులు అని కొట్టిపారేయకండి. ఆవిడ చూసిన ఇల్లు వేరు. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, వాసాల మధ్య నుంచి గాలి ఆడుతూనే ఉండేది, కుంపటి కూడా ఎక్కువగా వసారాలోనో పెరటి అరుగు మీదో పెట్టుకునేవాళ్ళు. మీది నాలుగు వైపులా సిమెంటు, పైన స్లాబు, కిటికీలకి అద్దాల షట్టర్లు, చలికని అవి కూడా మూసేసి ఉంటాయి. అలవాటు అదే, ఇల్లు మారింది, ఆ మాట నిదానంగా చెప్తే ఆవిడకి కచ్చితంగా అర్థమవుతుంది.

ఇదే వరసలో ఇంకో రెండు ఉన్నాయి. పాపకి స్నానం అయ్యాక సాంబ్రాణి వేస్తున్నారేమో, చలికాలం తలుపులన్నీ బిగించి వేస్తారు కాబట్టి ఆ పొగ మొత్తం ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది, అదే గదిలో ఆయాసం ఉన్న మనిషి కూడా ఉంది. జుట్టు మెత్తటి టవల్‌తో ఒత్తితే చాలు, సాంబ్రాణి దేవుడి గదిలో తలుపులు తీసుకుని వేస్కోండి. దోమల కాయిల్ కూడా మానేసి దోమతెర కట్టుకోండి. రెండోది, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే అది కూడా కుంపటి కుటుంబమే. గాలి ఆడని బాత్రూమ్‌లో అది వెలిగించి స్నానం చేస్తూ పడిపోయిన వాళ్ళున్నారు. గ్యాస్ గీజర్ బాత్రూమ్ బయట, గాలి బాగా ఆడే చోట ఉండాలి, లేదంటే కరెంటు గీజర్ పెట్టించుకోవడం మేలు. బకెట్‌లో ఇమ్మర్షన్ రాడ్ పెట్టే అలవాటు ఉంటే స్విచ్ ఆపి, ప్లగ్ పీకేశాకే నీళ్ళలో వేలు పెట్టాలి. ఈ ఒక్క తొందరపాటుతో ఎన్ని ప్రాణాలు పోయాయో.

ఇప్పుడు మీ ఇంటి చలి గురించి. బందర్లో మీకు సముద్రం పక్కనే ఉంది. పగలు పట్టుకున్న వేడిని అది రాత్రంతా నిదానంగా వదుల్తుంది, గాల్లో తేమ ఉంటుంది కాబట్టి నేల వేడి కూడా అంత త్వరగా పైకి పోదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న రాతి నేల, సముద్రం దరిదాపుల్లో లేదు, డిసెంబర్‌లో గాలి పొడి, ఆకాశం నిర్మలం. పొద్దుగూకగానే వేడంతా అడ్డు లేకుండా పైకి వెళ్ళిపోతుంది. అందుకే మధ్యాహ్నం 28 డిగ్రీలున్న ఊరు తెల్లారేసరికి 13కి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. పైగా మీరుండేది పటాన్‌చెరు వైపు, అక్కడ ఇంకా ఖాళీ స్థలాలు ఉన్నాయి కాబట్టి అమీర్‌పేట, కోఠీ లాంటి కిక్కిరిసిన చోట్ల కంటే తెల్లవారుజామున చలి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, గట్టి చలి పడ్డ రోజు పేపర్లో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ పేర్లే ముందు కనిపిస్తాయి. దానికి తోడు టాప్ ఫ్లోర్, మీ స్లాబు నేరుగా ఆకాశం కిందే ఉంది, రాత్రంతా చల్లబడి మూడు గంటలయ్యేసరికి మీ నెత్తిమీద చల్లటి బండలా ఉంటుంది. మీకు సరిగ్గా మూడింటికే మెలకువ వస్తోందంటే కారణం అదే. మీ కింద ఫ్లోర్ వాళ్ళకి ఇంత చలి ఉండి ఉండదు, అడిగి చూడండి.

దీన్నిబట్టి మీరు ఒకటి గమనించాలి, ఇక్కడి చలి రాత్రంతా ఒకేలా ఉండే చలి కాదు. పగలు ఎండ ఫ్రీగా వస్తోంది, చలి గట్టిగా కొరికేది తెల్లవారుజామున ఆ నాలుగైదు గంటలే. కాబట్టి హీటర్‌తో రాత్రంతా పోరాడేకంటే పగటి వేడిని ఇంట్లో పట్టి ఉంచుకోవడం, పడుకునే మనిషి చుట్టూ ఆ వేడి నిలిచేలా చూస్కోవడం, ఈ రెండూ చేస్తే మీ సమస్య ముప్పావు వంతు తీరిపోతుంది.

చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు, కాబట్టి దక్షిణం కిటికీ, దక్షిణం బాల్కనీ ఉంటే పొద్దున్న తొమ్మిది నుంచి కర్టెన్లు పూర్తిగా లాగేసి ఎండ మంచాల మీద పడనివ్వండి. పరుపులు, దుప్పట్లు, దిళ్ళు మీకు పైనే టెర్రస్ ఉంది కదా, ఆరుబయట వేసి మధ్యాహ్నం మూడున్నరకల్లా తెచ్చేసుకోండి, ఐదు దాకా వదిలేస్తే మళ్ళీ చల్లబడిపోతాయి. నాలుగున్నర ఐదు లోపు కిటికీలన్నీ మూసేయాలి, మనవాళ్ళు చాలామంది చలి వేయడం మొదలయ్యాక ఏ ఎనిమిదింటికో మూస్తారు, అప్పటికి ఉన్న వేడి బయటికి పోయి ఉంటుంది. అటాచ్డ్ బాత్రూమ్ వెంటిలేటర్ చూడండి, గాజు పలకలు వాలుగా పేర్చి ఉంటాయే, అక్కడి నుంచి రాత్రంతా చల్లగాలి దిగుతూనే ఉంటుంది. దాన్ని మూయొద్దు, బాత్రూమ్ తలుపు వేసి ఉంచండి చాలు. ఆ తలుపు కింద సందుకి, మెయిన్ డోర్ కింద సందుకి పాత టవల్ చుట్టి అడ్డం పెట్టండి. స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లో బ్రష్ అరిగిపోయి ఉంటే అది మార్పించండి, చిన్న ఖర్చే. అయితే గదిని మొత్తం గాలి చొరకుండా సీల్ చేయకండి, నలుగురు పడుకునే గదికి కొంచెం గాలి మార్పిడి ఉండాలి.

పక్క గురించి చెప్పాలంటే, పైన దుప్పటి మీద దుప్పటి వేస్తాం కానీ కింద నుంచి వచ్చే చలిని పట్టించుకోం. ఎవరైనా నేల మీద పడుకుంటుంటే మార్బుల్ మీద ముందు చాప, దాని మీద జంపఖానా, ఆపైన పరుపు. ఇక్కడ తెలంగాణలో గొంగడి అని దొరుకుతుంది, దక్కనీ గొర్రెల ఉన్నితో నేసేది, గరుగ్గా ఉంటుంది కాబట్టి పాప ఒంటికి, ఆయాసం ఉన్న అత్తయ్య ముక్కుకి దగ్గరగా వద్దు గానీ హాల్లో పరుచుకోవడానికి దాన్ని మించింది లేదు. ఇంట్లో పాత నూలు చీరలతో కుట్టిన బొంత ఉంటే మార్కెట్‌లో దొరికే మెరిసే పాలిస్టర్ బ్లాంకెట్ కంటే అది నూరుపాళ్ళు మేలు, పొరల మధ్య గాలి నిలబడిపోతుంది, ఆ గాలే వేడిని కాపాడేది. ఒంటి మీద కూడా అదే లెక్క, ఒక లావుపాటి స్వెట్టర్ కంటే రెండు పల్చటి నూలు పొరలు, పైన ఒక స్వెట్టర్, పగలు ఎండెక్కుతుంటే ఒక్కొక్కటీ తీసేస్తూ పోవచ్చు. కాళ్ళకి సాక్సులు మాత్రం ఇంట్లో అందరికీ కంపల్సరీ.

పాప చేతులు కాళ్ళు చల్లగా ఉన్నాయని రాశారు. అమ్మా, దానికి కంగారు పడకండి, ఆ వయసు పిల్లలకి చేతులు కాళ్ళు చల్లగా ఉండటం మామూలే. మీరు చూడాల్సింది మెడ వెనక భాగం, ఛాతీ. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే పాప బావున్నట్టే. అక్కడ చెమట పట్టి ఉంటే మనం ఎక్కువ కప్పేశామని అర్థం, చలి కంటే నాకు అదే ఎక్కువ భయం, ఎందుకంటే మన ఇళ్ళలో చంటిపిల్లలకి స్వెట్టరు, మంకీ క్యాపు, గ్లౌజులు, దాని మీద రెండు దుప్పట్లు వేసి మూటకట్టేస్తారు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు విడిగా ఉండే దుప్పటి, దిండు, తలకి టోపీ, ఇవేవీ వద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు, మొహం మీదికి జారితే తీసుకోలేరు, ఒళ్ళు బాగా వేడెక్కినా ప్రమాదమే. మీరు వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ వేయండి, పైన బేబీ స్లీపింగ్ బ్యాగ్ లాంటిది తొడగండి, వెల్లకిలా పడుకోబెట్టండి. స్నానం పొద్దున్నే వద్దు, పదకొండు పన్నెండు మధ్య ఎండ బాగా వచ్చాక నూనె రాసి, మోచేత్తో నీళ్ళ వేడి చూసి, ఐదు నిమిషాల్లో ముగించేయండి. ముక్కు దిబ్బడ వేస్తే పొడిగాలి వల్లే కావచ్చు, పాలు తాగే ముందు సెలైన్ డ్రాప్స్ వాడొచ్చేమో మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకల దగ్గర లోపలికి పోతున్నట్టున్నా, పాలు మానేసినా, ఒళ్ళు చల్లబడి మత్తుగా ఉన్నా మాత్రం చలి అని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే తీసుకెళ్ళండి.

అత్తయ్యగారి విషయం ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. చల్లటి పొడిగాలి ఆయాసం ఉన్నవాళ్ళ శ్వాసనాళాల్ని బిగించేస్తుంది, పైగా చలికాలం పొద్దున్న నేల దగ్గర గాలి కదలదు, బండ్ల పొగ, దుమ్ము, కాల్చిన చెత్త పొగ అన్నీ అక్కడే నిలిచిపోతాయి, మీకు దగ్గర్లో పారిశ్రామికవాడలు కూడా ఉన్నాయి. అందుకే ఐదున్నర వాకింగ్ ఆపించి ఎనిమిది తర్వాత ఎండలో నడవమనండి, ముక్కుకి స్కార్ఫ్ కట్టుకుని. డాక్టర్ రోజూ వాడమన్న ఇన్‌హేలర్ బావుంది కదా అని ఈ రెండు నెలల్లో మానేయకూడదు. చలికి బీపీ పెరుగుతుంది, తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచేటప్పుడు దుప్పట్లోంచి ఒక్కసారిగా లేవకుండా మంచం అంచున కాసేపు కూర్చుని, శాలువా కప్పుకుని, చెప్పులేసుకుని వెళ్ళాలి. హాట్ వాటర్ బ్యాగ్ మంచి వస్తువే, పడుకునే పది నిమిషాల ముందు పక్కలో పెట్టి పక్క వెచ్చబడ్డాక తీసేయండి. ఆవిడకి షుగర్ ఉంది కాబట్టి కాళ్ళకి ఆనించి నిద్రపోనివ్వొద్దు, పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలిన సంగతి కూడా తెలీదు, పొద్దున చూస్తే బొబ్బలుంటాయి, షుగర్ ఉన్న కాలికి పుండు పడితే మానడం ఎంత కష్టమో మీకు తెలుసు. పాప దగ్గర అస్సలు పెట్టకండి.

ఇవన్నీ వారం రోజులు చేసి చూడండి. ఒక గది థర్మామీటర్ కొనండి, కొన్ని వందల్లో దొరుకుతుంది, పాప మంచం ఎత్తులో గోడకి తగిలించండి, చలేస్తోందా లేదా అని ఇంట్లో ముగ్గురు మూడు మాటలు అనుకునే బదులు నంబర్ చూస్కోవచ్చు. చల్లటి దేశాల ఇళ్ళలో ఆరోగ్యానికి కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఇంకాస్త ఎక్కువ మంచిదని. మీ గది తెల్లవారుజామున అంతకంటే కిందికి పోతుంటే హీటర్ కొనండి, మీ ఆయన ఆలోచనలో తప్పేం లేదు, రాత్రంతా వేయాలన్న మాటే సరికాదు.

ఏది కొనాలంటే మీ ఇంటికి ఆయిల్ ఫిల్డ్ రేడియేటర్, షాపుల్లో ఓఎఫ్ఆర్ అంటారు. పలకలు పలకలుగా ఉండి లోపల నూనె ఉంటుంది, ఎర్రటి రాడ్ ఉండదు, చప్పుడుండదు, ఆపేశాక కూడా కొంతసేపు వెచ్చదనం ఇస్తుంది, వేడెక్కడానికి మాత్రం ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. క్వార్ట్జ్, హాలోజన్ రాడ్‌వి చవకే కానీ ఎదురుగా ఉన్నదాన్నే కాలుస్తాయి, చీర కొంగో దుప్పటి అంచో తగిలితే అంటుకుంటుంది, పాప ఉన్న ఇంట్లో నేనైతే వద్దంటాను. ఫ్యాన్ బ్లోవర్ త్వరగా వేడెక్కిస్తుంది, పాప స్నానానికి ముందు గది ఐదు నిమిషాల్లో వెచ్చబెట్టుకోవడానికి బావుంటుంది, కానీ దుమ్ము లేపుతుంది, అత్తయ్య ఉన్న గదిలో వద్దు. షాపులో ఈ మోడల్ ఆక్సిజన్ కాల్చదు, అది కాలుస్తుంది అని చెప్తారు, నమ్మకండి. కరెంటు హీటర్‌లో ఏదీ మండదు కాబట్టి ఏ మోడలూ ఆక్సిజన్‌ని తినెయ్యదు. గది వేడెక్కితే గాలి పొడిబారినట్టు అనిపిస్తుంది, అది అన్నిటికీ ఉన్నదే, గదిలో ఒక మూల తడి టవల్ ఆరేస్తే సరిపోతుంది, హీటర్ మీద మాత్రం ఆరేయొద్దు. కావలసినంత వేడెక్కగానే కరెంటు కట్ చేసే థర్మోస్టాట్, పడిపోతే దానంతటదే ఆగిపోయే స్విచ్, ఐఎస్ఐ మార్క్, ఈ మూడూ లేకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. మంచానికి, కర్టెన్‌కి కనీసం మూడడుగుల దూరం ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకి వేసి గది 20, 21 దగ్గరికి వచ్చాక పడుకునే ముందు ఆపేయండి. మూడింటికి పాప పాలకి ఎలాగూ లేస్తారు, అప్పుడు మీరు మెలకువగా ఉన్నంతసేపు మళ్ళీ వేస్కోండి. ఇంకో రెండు మూడు నెలల్లో పాప పాకడం మొదలుపెడుతుంది, ఆ పలకలు ముట్టుకుంటే కాలతాయి, అప్పటికి చలి పోతుంది కాబట్టి ఈ ఏడాదికి పర్లేదు, వచ్చే ఏడాది చుట్టూ అడ్డు పెట్టాల్సిందే.

మీ ఓనర్ మాట కొట్టిపారేసేది కాదు. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, మనం ఫోన్ ఛార్జర్లు పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. హీటర్‌కి లావు పిన్నుల పెద్ద ప్లగ్ వస్తుంది, అది ఏసీకో గీజర్‌కో పెట్టే 16 ఆంపియర్ల సాకెట్‌లోకే వెళ్ళాలి. కన్వర్షన్ ప్లగ్ పెట్టి చిన్న సాకెట్‌లో దూర్చడం, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపడం, వైరింగ్ కాలేది వీటి వల్లే. బెడ్‌రూమ్‌లో ఏసీ పాయింట్ ఉందేమో చూడండి, టాప్ ఫ్లోర్ కాబట్టి ఉండే అవకాశమే ఎక్కువ. కొనేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ పాయింట్‌కి ఎర్తింగ్ ఉందా, ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్, ఎంతది, ఇంటికి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఉందా చూపించండి. ఓనర్‌ని కూడా అప్పుడే రమ్మనండి, ఆయన భయం కూడా తీరుతుంది. హీటర్, గీజర్ ఒకేసారి వేయకండి.

కరెంటు బిల్లు మీరు అడగలేదు కానీ చెప్తాను. 2000 వాట్లు అంటే ఆగకుండా తిరిగితే గంటకి 2 యూనిట్లు, థర్మోస్టాట్ కట్ చేస్తూ ఉంటుంది కాబట్టి అంత అవ్వదు గానీ రోజుకి నాలుగు యూనిట్లు వేసుకున్నా నెలకి 120. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లైతే 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి, అది ముందే తెలిసి ఉండటం మంచిది.

అలవాటు పడతారా అంటే, తప్పకుండా పడతారు. ఒళ్ళు కొన్ని వారాల్లో కొంత సర్దుకుంటుంది, మిగతాది ఇంటి పద్ధతులు సర్దుకోవడం, ఏ టైమ్‌కి ఏ కిటికీ మూయాలో చేతికి తెలిసిపోవడం. సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, గట్టిగా ఉండేది సంక్రాంతి దాకానే, తర్వాత పగటి ఎండ చురుక్కుమనడం మొదలవుతుంది.

ఆ ఎండ గురించే ఇంకో మాట. ఇప్పుడు చలికి చల్లబడుతున్న ఆ స్లాబే మార్చి నుంచి పెనంలా కాలుతుంది, బందరు ఎండలు చూసినవాళ్ళైనా టాప్ ఫ్లోర్‌లో పాపతో ఏసీ లేకుండా కష్టం. ఎలాగూ కొనాల్సి వచ్చేటట్టుంటే హీటర్ మీద డబ్బులు పెట్టే ముందు మీ ఆయనతో కూర్చుని హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ రేటు కనుక్కోండి. మామూలు ఏసీ కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, కానీ అది వేడిని తయారుచేయదు, బయటి గాల్లో ఉన్న వేడిని లోపలికి తోస్తుంది, అందుకని మన హైదరాబాద్ లాంటి తేలిక చలిలో ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. గోడ మీద పైన ఉంటుంది కాబట్టి పాప చేతికి అందదు, అంటుకునే భయం లేదు. ఓనర్ గోడకి కన్నం పెట్టనిస్తారా లేదా, ఏసీ పాయింట్ ఉందా లేదా, ఈ రెండూ ఈ వారమే కనుక్కోండి, కుదరదంటే ఓఎఫ్ఆర్ తెచ్చేసుకోండి.